డులూత్ దారిలో హీటర్ ఆగితే!

మినియాపొలిస్ నుంచి డులూత్‌కి ఇంటర్‌స్టేట్ 35 మీద దాదాపు 250 కిలోమీటర్లు. వేసవిలో రెండున్నర గంటల్లో హాయిగా వెళ్లిపోవచ్చు. జనవరిలో మాత్రం అదే దారి వేరే లోకం. రెండు పక్కలా తెల్లటి పొలాలు, ఆకులు రాలిన బిర్చ్ చెట్లు, గడ్డకట్టిన చెరువుల మీద చిన్న చిన్న గుడిసెలు. ఆ గుడిసెల్లో కూర్చుని, మంచుకి కన్నం పెట్టి గాలం వేస్తారు ఇక్కడివాళ్లు!

మన లంబసింగిలో సున్నా డిగ్రీలంటే పేపర్లో ఫొటో వస్తుంది. మినెసోటాలో మైనస్ 20 అయినా ఆఫీసులకి వెళ్లాల్సిందే. అలాంటి చోట కారుకి హీటర్ అంటే సోకు కాదు, ప్రాణం. అద్దం మీద మంచు పట్టకుండా చూసేదీ అదే.

పోయిన జనవరిలో నలుగురం కలిసి ఓ పాత కారులో బయల్దేరాం. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర, బ్లూటూత్‌లో పాటలు. సిటీలో ఉన్నంతసేపూ హీటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. హైవే ఎక్కాక మెల్లగా గోరువెచ్చన, ఆ తర్వాత చల్లన. హింక్లీ చేరేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి, అద్దం అంచుల్లో మంచు అల్లుకుంటోంది. బయట మైనస్ 22. సరిగ్గా సగం దారి. ముందుకెళ్లినా, వెనక్కెళ్లినా అంతే దూరం!

ఈ హింక్లీకి ఓ చరిత్ర ఉంది. 1894 సెప్టెంబర్ 1న అడవి అంటుకుని ఊరు మొత్తం కాలిపోయింది. 400 మందికి పైగా చనిపోయారు. దాని గుర్తుగా ఇక్కడో మ్యూజియం కూడా ఉంది. మంటల్లో మాడిన ఊళ్లో మేం చలికి వణుకుతూ గ్యాస్ స్టేషన్‌లో ఆగాం.

పక్కన పికప్ ట్రక్కులో పెట్రోల్ పోయించుకుంటున్న ఓ పెద్దాయన మా అవస్థ చూసి దగ్గరికొచ్చారు. ఆయన మొదట అడిగింది ఒక్కటే: "టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది?" మధ్యలో ఉండాల్సిన ముల్లు కిందికి పడిపోయి ఉంది. కూలంట్ డబ్బా చూస్తే మట్టం సరిగ్గానే ఉంది. "అయితే థర్మోస్టాట్" అన్నారాయన.

అసలు సంగతేంటంటే...

కారు హీటర్ సొంతంగా వేడి పుట్టించదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలంట్, డాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ గుండా పోతుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలిని లోపలికి తోస్తుంది. థర్మోస్టాట్ ఆ కూలంట్ దారిలో చిన్న తలుపులాంటిది. ఇంజిన్ చల్లగా ఉంటే మూసుకోవాలి, వేడెక్కాక తెరుచుకోవాలి. తెరుచుకునే బిగుసుకుపోతే? హైవే మీద ఎదురుగాలికి రేడియేటర్ ఆ వేడినంతా బయటికి వదిలేస్తుంది. మాకు జరిగింది అదే.

మీ కారులోనూ హీటర్ మొరాయిస్తే ఇవి చూడండి.

• గాలే రావడం లేదా? ఫ్యూజ్ లేదా బ్లోయర్ మోటార్. ఎక్కువ స్పీడులో మాత్రమే వస్తుంటే రెసిస్టర్.

• ముల్లు పైకి పోతోంది, గాలి మాత్రం చల్లగా ఉందా? కూలంట్ తగ్గిపోయి ఉండొచ్చు. వెంటనే పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు.

• లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొగ పట్టిందా? హీటర్ కోర్ కారుతోంది.

• ముల్లు మధ్యలోనే ఉన్నా వేడి రావట్లేదా? హీటర్ కోర్ పూడుకుపోవడమో, లోపల వేడిగాలి వదిలే తలుపు ఇరుక్కోవడమో.

పెద్దాయన ట్రక్కులోంచి ఓ అట్టముక్క తీసి, రేడియేటర్ ముందు సగం మేర అడ్డుపెట్టారు. "ముల్లు మీద కన్నేసి ఉంచండి, మధ్య దాటితే తీసేయండి" అని మరీ మరీ చెప్పారు. పది నిమిషాల్లో వెచ్చటి గాలి! ఒకరు డ్రైవింగ్, ఒకరు ముల్లుకి కాపలా. అలా డులూత్ చేరాం. మర్నాడు మెకానిక్ కొత్త థర్మోస్టాట్ వేశాడు.

థాంప్సన్ హిల్ దిగుతుంటే సుపీరియర్ సరస్సు ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటుంది. దాదాపు 82 వేల చదరపు కిలోమీటర్లు... అంటే తెలంగాణలో ముప్పావు వంతు! గాలికన్నా నీళ్లు వెచ్చగా ఉండటంతో సరస్సు మీంచి ఆవిరి పొగలు పొగలుగా లేస్తుంది. ఆ పొగల వెనక 1905 నాటి లిఫ్ట్ బ్రిడ్జి. చూసి తీరాల్సిందే.

వెళ్లేముందు కూలంట్ చెక్ చేయించుకోండి. నీళ్లు, యాంటీఫ్రీజ్ సగం సగం ఉంటే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. డిక్కీలో దుప్పట్లు, టార్చి, తిండి, చిన్న పార ఉంచుకోండి. మంచులో ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీశాకే, గంటకి పది నిమిషాల చొప్పున ఇంజిన్ వేయండి, ఓ కిటికీ కాస్త తెరిచి. లేదంటే విషవాయువు లోపలికొస్తుంది. దానికి వాసన కూడా ఉండదు.