తిరిగి వచ్చిన గాజుల పెట్టె

హైదరాబాద్ లాడ్‌బజార్ లక్క గాజులను ఆన్‌లైన్‌లో అమ్మడం మేమిద్దరం నాలుగేళ్ల క్రితం మొదలుపెట్టాం. ఇంట్లో ఒక గదే మా దుకాణం. గాజులు తేవడం, కొలత సరిచూడడం, పెట్టెలో భద్రంగా సర్ది పంపడం మా పని. అమ్మిన సరుకు తిరిగి వస్తే మనసు ఎంత కలత చెందుతుందో అప్పటికి మాకు తెలియదు.

కొన్ని పార్శిళ్లను గుమ్మం దగ్గరే వద్దంటారు. సరుకు అందాక డబ్బు చెల్లించే పద్ధతిలో ఇది మరీ ఎక్కువ. మరికొన్ని విప్పి చూశాక వెనక్కి వస్తాయి. గాజులకు ముఖ్యంగా కొలతతోనే చిక్కు. 2-4 సైజుకూ 2-6 సైజుకూ మధ్య తేడా అంగుళంలో ఎనిమిదో వంతు మాత్రమే. చేతికి పట్టని గాజును తిప్పి పంపితే అందులో తప్పేముంది?

కానీ ఒక రమజాన్‌లో తిరిగి వచ్చిన పెట్టెలో మా లక్క గాజులు లేవు. వాటి బదులు పాత మట్టి గాజులున్నాయి, రెండు పగిలి ఉన్నాయి. పెట్టె విప్పేటప్పుడు మేము వీడియో తీయలేదు. ఆధారం లేదని మా ఫిర్యాదును తిరస్కరించారు. సరుకూ పోయింది, రవాణా ఖర్చూ మీద పడింది. ఇఫ్తార్ దగ్గర కూడా అదే ప్రస్తావన. ఆ పెట్టె దారిలో ఎన్ని చేతులు మారిందో మాకు తెలియదు. అయినా చీటీ మీద పేరున్న ఆ స్త్రీనే దొంగగా తీర్మానించాం. ఉపవాసం ఉన్న నోటితోనే ఆమెను నిందించాం.

వారం తిరగకముందే మరో సెట్ వెనక్కి వచ్చింది. రెండు రాళ్లు రాలిపోయాయని రాశారు. నిజమే, లోపం మాదే. రాళ్లు మళ్లీ అతికిస్తే ఎవరూ గుర్తుపట్టలేరు. పండుగ ఆర్డర్లు ముంచుకొస్తున్నాయి. పోయిన నష్టం ఇలాగైనా పూడుతుందని ఒకరికొకరం సర్దిచెప్పుకుని, ఆ సెట్‌నే మరో ఆర్డరుకు కట్టేశాం. చిరునామా చీటీ అంటిస్తున్న మా పెద్దమ్మాయి అడిగింది:

"అమ్మీ, ఇది తిరిగొచ్చిన సెట్టే కదా! కొత్తదని పంపుతున్నామా?"

మా ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన సంఘటన 'సహీహ్ ముస్లిం'లో ఉంది. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనబడేలా దాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. చిన్నప్పటి నుంచీ వింటున్న ఆ సంఘటన ఆ రాత్రి మా గదిలోకే వచ్చి నిలిచింది. అతికించిన ఆ రెండు రాళ్లే మా తడి ధాన్యం.

పెట్టె విప్పాం. ఆ ఆర్డరుకు కొత్త సెట్ పంపాం. అతికించినదాన్ని లోపం చూపించి, ధర తగ్గించి వాడలోనే అమ్మాం.

మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనరాదు. షరీఅత్‌లోనూ దాచిన లోపం బయటపడితే బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఉంది. ఇస్లాం ఇంకో మెట్టు పైకి పిలుస్తుంది. ఏ లోపం లేకపోయినా, కొని పశ్చాత్తాపపడిన వ్యక్తి నుంచి సరుకును ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకోవడాన్ని 'ఇఖాలా' అంటారు. అలా చేసేవారి తప్పులను అల్లాహ్ మన్నిస్తాడన్న శుభవార్త 'అబూ దావూద్' హదీసులలో ఉంది. ఈ న్యాయం కొనేవారికీ వర్తిస్తుంది. పెళ్లిలో తొడుక్కుని, మర్నాడు నచ్చలేదని తిప్పి పంపడం కూడా తడి ధాన్యమే.

ఇప్పుడు కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ వీడియో తీస్తున్నాం. జాగ్రత్త పడడం వేరు, అనుమానించడం వేరు. ఇంట్లో ఉన్న గాజు లోపలి వెడల్పును స్కేలుతో ఎలా కొలవాలో, వేడికి లక్క ఎలా మెత్తబడుతుందో అమ్మకపు వివరాల్లోనే రాస్తున్నాం. తిరిగి వచ్చే పెట్టెలు తగ్గాయి, ఆగలేదు. ఆ మట్టి గాజుల నష్టం మాత్రం ఇప్పటికీ పూడలేదు. దాన్ని క్షమించి వదిలేశాం. ముఖం తెలియని ఆ సోదరిని నిందించినందుకు అల్లాహ్ మమ్మల్నీ క్షమించుగాక!