ఖేడ్ బండి... ట్రాలీ ఎక్కింది!

దసరా వెళ్లిందంటే చాలు, నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో సర్దుళ్లు మొదలవుతాయి. వంటగిన్నెలు, జొన్నల మూట, నీళ్ల డ్రమ్ము, గుడిసె మీద కప్పడానికి టార్పాలిన్ పట్టా. చెరకు నరికే కత్తులు సరేసరి. ఇవన్నీ ట్రాక్టర్ ట్రాలీలోకో, లారీలోకో ఎక్కుతాయి. కొన్ని ఇళ్ల సామాన్లలో ఈ మధ్య మోటార్‌సైకిలూ చేరింది. దాన్ని పైకెక్కించడానికి నలుగురు కావాలి. కింద పడేయడానికి ఒక్క గుంత చాలు!

నారాయణఖేడ్ అని పూర్తిగా పలికేవాళ్లు ఇక్కడ తక్కువే. అందరికీ అది 'ఖేడ్'. అటు బీదర్, ఇటు నిజాంసాగర్, పైన మహారాష్ట్ర. 1956కు ముందు ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చింది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సంగారెడ్డిలో చేరింది. అందుకే ఖేడ్ బజారులో ఒకే తాడుకు నాలుగు పేర్లు వినిపిస్తాయి. తెలుగులో తాడు, కన్నడంలో హగ్గ, మరాఠీలో దోర్, ఉర్దూలో రస్సీ. పేరు ఏదైనా బండి కట్టే తీరు మాత్రం ఒక్కటే... సీటు మీదుగా అడ్డంగా ఒక చుట్టు, రెండు ముడులు, 'ఏం కాదు తియ్యన్నా' అన్న భరోసా!

ఖేడ్‌కు రైలు లేదు. బండిని పార్సిల్ చేయాలన్నా జహీరాబాదో, బీదరో పోవాలి. వానలు నమ్ముకున్న భూములు కాబట్టి ఖరీఫ్ చేతికొచ్చాక చాలామందికి ఊళ్లో పని ఉండదు. ఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేర్ వైపు తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే చెరకు కోతకు వలసపోతాయి. కొందరు జిల్లాలోని చక్కెర ఫ్యాక్టరీల దగ్గరికి, కొందరు కర్ణాటకకు, మరికొందరు మహారాష్ట్రకు. అక్కడ భార్యాభర్తల జంటను ఒక 'కోయతా'గా లెక్కేస్తారు. కోయతా అంటే చెరకు కత్తి. మనుషుల్ని కత్తి పేరుతో లెక్కపెట్టడం వినడానికి చివుక్కుమంటుంది గానీ, అడ్వాన్సులు ఇచ్చేది ఆ లెక్కనే.

ఇంత సామాను మధ్య బండి ఎందుకంటారా? కోత జరిగే చోటు ఊరికి దూరం. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఆసుపత్రికి పోవాలి. ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలొచ్చిన పిల్లల్ని నెలకోసారైనా చూసి రావాలి. చాలా బండ్లకు ఇంకా కిస్తీలు కడుతూనే ఉంటారు. అలాంటి బండి దారిలో ట్యాంకు సొట్టపోయి, హ్యాండిల్ వంకరపోయి దిగితే ఆ సీజను సంపాదనలో కొంత మెకానిక్కు పాలే.

అసలు బండి ఎందుకు పడుతుంది? చాలామంది చేసే మొదటి పని సైడ్ స్టాండు వేసి నిలబెట్టడం. రోడ్డు మీద అది సరైనదే. ట్రాలీలో కాదు. ట్రాక్టర్ ట్రాలీలు చాలావాటికి కమాన్ పట్టీలే ఉండవు. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా బండికి తగులుతుంది. బండి ఎగిరి దిగినప్పుడల్లా బరువంతా స్టాండు మీద పడి అది వంగుతుంది, లేదా ముడుచుకుపోతుంది. ఇక సీటు మీది తాడు సంగతి. సీటులో ఉన్నది స్పంజి. దెబ్బ పడిన ప్రతిసారీ అణుగుతుంది, తాడు వదులవుతుంది. నాలుగు ఊళ్లు దాటేసరికి ముడి ఉంటుంది... బిగువు ఉండదు.

స్ప్లెండర్ లాంటి బండి 112 కిలోల దాకా తూగుతుంది. సరుకు రవాణాలో ఐరోపా దేశాలు పాటించే లెక్క ఒకటుంది. సడన్ బ్రేకు పడితే సరుకు బరువులో 80 శాతం ముందుకు తోస్తుందనీ, మలుపుల్లో 50 శాతం పక్కకు లాగుతుందనీ అనుకుని కట్లు వేయాలి. అంటే మన స్ప్లెండర్‌ను ముందుకు 90 కిలోలు, పక్కకు 56 కిలోల బలం లాగినా కదలకుండా ఉండాలి. అద్దానికీ ఇండికేటరుకూ కట్టిన తాడు ఆ బలానికి ఆగుతుందా?

పద్ధతి కష్టమైంది కాదు. ఇంజిన్ ఆపి, వెడల్పాటి పలక వేసి, బండిని నెట్టుకుంటూ ఎక్కించాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఎక్సలేటర్‌తో ఎక్కించడం చూడ్డానికి బాగుంటుంది, అంతే. ముందు చక్రం ట్రాలీ ముందు గోడకు ఆనాలి. ట్రాలీకి రెండే చక్రాలుంటే బరువు ఇరుసుకు కాస్త ముందుండేలా చూసుకోవాలి. వెనక్కి పోతే కుదుపు ఎక్కువ, ట్రాక్టర్ కొక్కెం పైకి లేస్తుంది కూడా. బండిని మొదటి గేరులో ఉంచాలి. స్టాండు ఎత్తేయాలి.

ఇప్పుడు తాళ్లు. ఒకటి కాదు, నాలుగు. హ్యాండిల్ కింద రెండు ఫోర్కులనూ కలిపే ఇనుప దిమ్మ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని 'టీ' అంటారు. ముందు తాళ్లు రెండూ అక్కడి నుంచే... ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, కిందికీ ముందుకీ లాగుతూ ట్రాలీ కొక్కేలకు. పై నుంచి చూస్తే బండి ముక్కు దగ్గర మీసాల్లా ఉండాలి. వెనక రెండు తాళ్లు ఫుట్‌రెస్టులు బిగించిన ఛాసిస్ భాగం నుంచి వెనక్కీ పక్కకీ. చీర గార్డుకు కడితే గార్డు మాత్రమే తాడుతో మిగులుతుంది! తాడు పెయింటును తాకే చోట గోనెపట్టా ముక్క పెడితే గీతలు పడవు.

ఎంత బిగించాలి? ముందు షాకబ్సర్లు సగం దాకా అణిగేంత. అవి స్ప్రింగులా తాడును లోపలి నుంచి బిగబట్టి ఉంచుతాయి. అలాగని పూర్తిగా నొక్కేస్తే ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతాయి. పాత టైరు ట్యూబు ముక్కలతో కట్టే అలవాటు మనదగ్గర ఎక్కువ. మెత్తగా ఉండటానికి పనికొస్తాయి గానీ సాగిపోయే రబ్బరుతో బండి ఆగదు. నైలాన్ తాడూ ఎంతో కొంత సాగుతుంది. రాచెట్ బెల్టులు దొరికితే అవే మేలు. దొరకనప్పుడు తాడులో కట్టె పెట్టి మెలిపెట్టడం బండ్లమీద గడ్డి కట్టిన తాతల కాలం నుంచీ తెలిసిన పనే. ఆ కట్టె తిరిగిపోకుండా దాన్నీ కట్టాలి.

పెట్రోలు సంగతి మరో ఎత్తు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాకముందు బండ్లలో చాలావాటికి ట్యాంకు కింద నాబ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉండటమే క్షేమం. రైల్లో బండి పంపితే ట్యాంకు ఖాళీ చేస్తే గానీ తీసుకోరు, ఊరికే కాదు. చోటు చాలడం లేదని బండిని పక్కకు పడుకోబెట్టడమైతే అస్సలు వద్దు. పెట్రోలు కారుతుంది, పాత రకం బ్యాటరీ అయితే యాసిడ్ కూడా. అదే ట్రాలీలో పొయ్యి కట్టెలూ పరుపులూ ఉంటాయి మరి.

అన్నిటికన్నా భయపెట్టేది వేరే ఉంది. బండి పక్కనే మూటల మీద పిల్లలు కూర్చుంటారు. 112 కిలోల ఇనుము ఒరిగితే సొట్టపోయేది ట్యాంకు ఒక్కటే కాదు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోదు. సామాను బాడీ దాటి బయటికి పొడుచుకొస్తే 2019 సవరణ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా. జరిమానా మాట వింటే అందరూ సర్దుకుంటారు. మనుషులకు వేరే బండి మాట్లాడటానికి మాత్రం చేతులు రావు. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సులో ఆ ఖర్చు ఉండదు. ఉండాలి.

కొత్త తాడు మొదటి పది పదిహేను కిలోమీటర్లలోనే వదులవుతుంది. ఖేడ్ నుంచి తూర్పుకు పోయేవాళ్లకు నిజాంపేట కూడలి అందుకు సరైన చోటు. అక్కడే దారి 161వ నంబరు జాతీయ రహదారిలో కలుస్తుంది. ఈ రహదారిలో కంది-రాంసాన్‌పల్లి ముక్క నాలుగు వరసలై 2024 మార్చిలో ప్రారంభమైంది. రోడ్డు నున్నగా ఉంటే వేగం పెరుగుతుంది, బ్రేకు పడినప్పుడు దెబ్బా పెరుగుతుంది. కాబట్టి కూడలిలో ఆగి నాలుగు తాళ్లనూ చేత్తో లాగి చూడాలి. ఆ తర్వాత ఛాయ్‌కి ఆగిన ప్రతిచోటా ఇదే పని.

దించేటప్పుడూ తొందర పనికిరాదు. ఒకరు హ్యాండిల్ పట్టుకున్నాకే వెనక తాళ్లు విప్పాలి. ముందువి చివర్న, రెండూ ఒకేసారి.