పెళ్ళిళ్ళ పేరమ్మ, ఆమె పాఠకులు

గంభీరమైన గ్రంథాన్ని గూర్చి అభిప్రాయం చెప్పమంటే చాలామంది జంకుతారు. తేలికైన ప్రేమకథను గూర్చి అడిగినచో జంకే వారుండరు. నాయిక మంచిదా కాదా, నాయకుడు ఆమెకు తగినవాడా కాడా, ఆ పెళ్ళి అట్లా జరుగవలసినదేనా అని, పొరుగింటి సంబంధాన్ని గూర్చి మాట్లాడినంత స్వేచ్ఛగా మాట్లాడుతారు. అందువలననే కాబోలు, పెద్దలు అట్టి నవలలను 'కాలక్షేపం' అన్న ఒక్క మాటతో ప్రక్కకు నెట్టివేస్తారు. ఆ కాలక్షేపంలో ఏమున్నదో చూడవలెనని ఈ సంవత్సరం అట్టి నవల ఒకదానిని మేము తరగతిలో కథగా చెప్పి, విద్యార్థుల అభిప్రాయాలు అడిగినాము. ఆ ముచ్చటయే ఈ వ్యాసం.

ఆ నవల పేరు 'ఎమ్మా'. రచయిత్రి జేన్ ఆస్టెన్. 1775లో జన్మించి, 1817లో నలుబదియొకటవ ఏట కన్నుమూసిన ఆంగ్ల రచయిత్రి. 'ఎమ్మా' 1815 డిసెంబరులో వెలువడినది. ముఖపత్రం మీద ఆమె పేరైనా లేదు. ఆమె తన కాలపు కథనే, తాను ఎరిగిన మనుషుల కథనే వ్రాసినది. పల్లెపట్టున మూడు నాలుగు కుటుంబాలుంటే నవలకు అదే చాలునని తన అన్నకూతురికి వ్రాసిన ఉత్తరంలో చెప్పినది. 'ఎమ్మా'లోని హైబరీ లండనుకు 16 మైళ్ళ దూరాన ఉన్న చిన్న ఊరు. ఒకరింటి కబురు మరునాటికి ఊరంతా తెలిసే ఊరు. అట్టి ఊళ్ళను గూర్చి మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంక కథ. ఎమ్మా వుడ్‌హౌస్‌కు ఇరువదియొక్క ఏండ్లు నిండవచ్చినవి. అందం, తెలివి, సంపద అన్నీ ఉన్నవి. చేయుటకు పని మాత్రం లేదు. కనుక ఊరివారి పెళ్ళిళ్ళు కుదుర్చుట పనిగా పెట్టుకొన్నది. తెలుగులో ఇట్టివారిని పెళ్ళిళ్ళ పేరమ్మ అంటాము. ఉర్దూలో మష్షాతా అంటారు. తలిదండ్రులెవరో తెలియని హారియట్ స్మిత్ అనే పదునేడేండ్ల పిల్లను చేరదీసి, ఆమెను కోరిన రాబర్ట్ మార్టిన్ అనే రైతును కాదనిపించి, చర్చి గురువైన ఎల్టన్‌కు కట్టబెట్టవలెనని పథకం వేస్తుంది. తీరా ఎల్టన్ క్రిస్మస్ ముందునాటి రాత్రి బండిలో ఎమ్మానే తనను పెళ్ళాడుమని అడుగుతాడు! ఆమె వేసిన ప్రతి అంచనా ఇట్లే తలక్రిందులవుతుంది. తన మనసులో ఉన్నది పదునారేండ్లు పెద్దవాడైన నైట్‌లీ అని కూడ ఆమెకు చిట్టచివరికి గాని తెలియదు.

మన పాఠకులకు నచ్చే విశేషం మరొకటి కలదు. ఎమ్మా తండ్రి మహా భయస్తుడు. గాలి తగిలితే జలుబు, పెళ్ళి కేకు తింటే అజీర్ణం అని అందరికీ అడ్డుపడుతూ, తాను జావ త్రాగి, ఇతరులనూ త్రాగుమనే వృద్ధుడు. ఆయనను విడిచి కూతురు పోలేదు. కనుక నైట్‌లీ, తన సొంత ఇల్లు, భూములు ఉన్నప్పటికీ, మామగారింటికే వచ్చి ఉండుటకు ఒప్పుకొంటాడు. ఇల్లరికం అన్నమాట! ఇది వినగానే వెనుక బెంచీ నుండి "ఖానా దామాద్!" అని ఒక గొంతు వినిపించినది, తరగతి గొల్లుమన్నది. చివరకు పెళ్ళి త్వరపడుటకు కారణమేమి? ఇరుగుపొరుగు ఇండ్లలో సీమకోళ్ళు దొంగిలింపబడుట. దొంగల భయానికి ఇంటిలో మగదిక్కు ఉండవలెనని ముసలాయన పెళ్ళికి సరేనంటాడు.

ఇట్టి నవలను ఆనాటి పాఠకులు ఏమన్నారు? దీనికి సమాధానం రచయిత్రి స్వయంగా భద్రపరచినది. బంధువులు, స్నేహితులు, ఇరుగుపొరుగువారు 'ఎమ్మా'ను గూర్చి చెప్పిన మాటలను ఆమె ఒక్కొక్కటిగా కాగితం మీద వ్రాసి ఉంచుకొన్నది. ఆ వ్రాతప్రతి నేటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. నౌకాదళంలో పనిచేసే సోదరుడు చార్లెస్, ప్రయాణంలోనే దానిని మూడుసార్లు చదివినాడు. ముద్దుల మేనకోడలు ఫానీకి నైట్‌లీ ఎంతో నచ్చినాడు గాని ఎమ్మాను భరించలేకపోయినది. కన్నతల్లి, వెనుకటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అంత ఆసక్తిగా లేదన్నది. ఒకామె, రచయిత్రి పరిచయం లేకపోతే దీనిని చివరిదాక చదువగలిగేదానను కానని చెప్పినది. మరొకామెకు కథ మరీ సహజంగా ఉండుట వలన ఆసక్తి కలుగలేదట. ఒక పెద్దమనిషి బాగుండలేదని విని మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం మాత్రం చదివినాడు. ఇట్టి పాఠకులు నేటి కళాశాలల్లోను కొరవడలేదు సుమా! ఇంకొక యువతి, నాయికను ఇట్లు చిత్రించి స్త్రీజాతిని బయటపెట్టినదని ఆక్షేపించి, పుస్తకంలోని మిస్ బేట్స్ తమకు తెలిసిన ఫలానా ఆవిడయే అని తీర్మానించినది. ఆ ఫలానా ఆవిడ పేరు రచయిత్రి అంతవరకు విని కూడ ఎరుగదు!

మెచ్చిన మాటను, నొచ్చిన మాటను ఆమె ఒకే వరుసలో వ్రాసుకొన్నది. ఎవరి మాటకు జవాబు వ్రాయలేదు, దేనినీ కొట్టివేయలేదు. యువరాజుగారి గ్రంథాలయాధికారి ఒకరు, ఇట్టి కథలకు బదులు ఒక రాజవంశపు చారిత్రక గాథ వ్రాయరాదా అని సలహా ఇచ్చినాడు. అది తన వల్ల కాదని, తన దారి తనదని 1816లో మర్యాదగా జవాబిచ్చినది. ఆ సంవత్సరమే ఒక పత్రికలో పేరు లేకుండా వెలువడిన సుదీర్ఘ సమీక్ష, నిత్యజీవితాన్ని యథాతథంగా చూపే ఈ క్రొత్త రకపు నవలను గౌరవించినది. వ్రాసినవాడు సర్ వాల్టర్ స్కాట్. రాజుల కథలకు పేరుపొందిన ఆయనే ఊరి కథ విలువను గుర్తించుట గమనింపదగినది.

ఇక మా తరగతి పాఠకులు. "ఒక్క ఉద్యోగం ఉంటే ఎమ్మా ఇన్ని చిక్కులు తెచ్చేది కాదు సార్" అన్నాడొక కామర్సు విద్యార్థి. "ఆ ముసలాయన అచ్చం మా నానాయే" అని నవ్వినదొక అమ్మాయి. అసలు వాదం వచ్చినది బాక్స్ హిల్ ఘట్టం దగ్గర. అక్కడ విహారంలో పదిమంది ఎదుట ఎమ్మా, వాగుడుకాయయైన బీద మిస్ బేట్స్‌ను ఎగతాళి చేస్తుంది. తరువాత నైట్‌లీ ఆమెను మందలిస్తాడు. బేట్స్ సంపన్నురాలైతే నీ మాట చెల్లేది, బీదదనంలో ఉన్నది గనుక అది క్రూరమని ఆయన భావం. "ప్రేమించినవాడు అట్లా మాట్లాడతాడా?" అని ఒక అబ్బాయి అడిగినాడు. ఒక విద్యార్థిని వెంటనే లేచి, "ఎమ్మా ఎగతాళి చేసినది పదిమందిలో సార్. ఆయన చెప్పినది ఒంటరిగా ఉన్నప్పుడు" అన్నది. ఆ భేదాన్ని మేము చెప్పలేదు. ఆమె కథలో తానే చూచినది.

మాకు ఎక్కువగా గుర్తున్న మాట వేరొకటి. సామాన్యంగా పెదవి విప్పని ఒక అమ్మాయి తరగతి ముగిసిన తరువాత వచ్చి నిలిచినది. "సార్, మార్టిన్ ఉత్తరానికి జవాబు వ్రాసిన చేయి హారియట్‌ది. మాటలు ఎమ్మావి. కాదన్నది హారియట్ కాదు గదా?" అన్నది. అవునన్నాము. ఆ రోజులలో ఆమె ఇంటిలో సంబంధం మాటలు నడుస్తున్నవని తరువాత తెలిసినది. మన నికాహ్‌లో వకీలు, సాక్షులు వధువు వద్దకు పోయి సమ్మతి అడుగుతారు. ఆ 'ఖుబూల్' ఆమె నోటి మాటయే కావలెను, ఆమె మనసులోని మాటయే కావలెను. ఇది నవల నేర్పిన క్రొత్త ధర్మం కాదు, మన ఇంటి ధర్మమే. అయితే ఆ ప్రశ్న ఆమె నోట పలికించినది మాత్రం రెండు వందల ఏండ్ల నాటి కాలక్షేపపు కథ. ఇంటిలో ఆమె ఏమి చెప్పుకొన్నదో మేము అడుగలేదు. ఆమె చివరి సంవత్సరం పరీక్ష రుసుము మాత్రం కట్టినది.

గ్రంథాలయానికి కొనవలసిన పుస్తకాల జాబితా తయారగునప్పుడు, "ప్రేమనవలలు మనకెందుకు? ఆ డబ్బుతో పోటీపరీక్షల పుస్తకాలు కొనవచ్చును" అన్న మాట వినవచ్చినది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మన విద్యార్థులలో పలువురు తమ ఇంటి నుండి కళాశాల మెట్లెక్కిన మొదటివారు. వారికి ఉద్యోగం అవసరం. కాని ఉద్యోగంతోపాటు సంసారం, ఇరుగుపొరుగు, మాట పట్టింపు కూడ వారికి తప్పవు. వీటికి పోటీపరీక్ష లేదు, గైడు లేదు. డిప్టీ నజీర్ అహమద్ 1869లో 'మిరాత్-ఉల్-ఉరూస్' వ్రాసినది తన కుమార్తెలు చదువుకొనుటకే. దానికి ప్రభుత్వం 1000 రూపాయల బహుమతి ఇచ్చినది. అది ప్రేమకథ కాదు, ఇల్లు దిద్దుకొనుట నేర్పే కథ. అయినను ఆడపిల్ల చేతికి కథల పుస్తకం ఇచ్చుట తప్పు కాదని ఆ పెద్దమనిషి తలచినాడు. తెలుగున వీరేశలింగం పంతులుగారు 1878లో 'రాజశేఖర చరిత్రము'నకు గోల్డ్‌స్మిత్ వ్రాసిన ఒక పల్లె కుటుంబపు నవలను ఒరవడిగా తీసుకొన్నారు. ఉర్దూ, తెలుగు రెండింటా నవల ఇంటి గడపలోనే పుట్టినది.

కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. పోటీపరీక్షల పుస్తకాలు కొనండి. వాటి ప్రక్కన ఒక్క అర ఇట్టి నవలలకు విడువండి. ఆ అర మీద ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు ఉంచండి. చదివినవారు రెండు వాక్యాలు వ్రాయవలెను. బాగున్నదని వ్రాసినా సరే, విసుగు పుట్టినదని వ్రాసినా సరే, ఎవరూ కొట్టివేయరాదు.

విద్యార్థులారా! మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం మాత్రం చదివి అభిప్రాయం వ్రాయువారికి కూడ ఆ పుస్తకంలో చోటు ఉంటుంది. కాని నడుమ ఉన్నది కూడ చదువుడు. మిస్ బేట్స్ అక్కడనే ఉన్నది, హారియట్ జవాబు అక్కడనే ఉన్నది.