వరూధిని ఇంట్లో జొన్నరొట్టె

వరూధిని పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఇంటర్‌లో మాకు ప్రవరుడి కథ పాఠంగా ఉండేది. మా తెలుగు మేడం పద్యాలు రాగం తీసి చదువుతుంటే, వెనక బెంచీల వాళ్ళు కూడా చప్పుడు చేయకుండా వినేవాళ్ళు. నా చదువు అక్కడితోనే ఆగింది. పెళ్ళయి ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వచ్చేశాను. పుస్తకాలన్నీ పుట్టింట్లోనే ఉండిపోయాయి గానీ వరూధిని మాత్రం నా వెంట వచ్చింది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది. ఎలాగంటారా? చెబుతాను.

ముందు ఆ కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఉన్న అల్లసాని పెద్దన గారు 16వ శతాబ్దంలో మనుచరిత్ర రాశారు. అందులో ప్రవరుడు మంచి నిష్ఠ గల బ్రాహ్మణ యువకుడు. ఇంటికొచ్చిన సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయాలు చూడ్డానికి పోతాడు. మంచు తగిలి పసరు కరిగిపోతుంది. దారి తెలియక తిరుగుతుంటే అప్సరస వరూధిని కనిపిస్తుంది. ఇంటికి దారి చెప్పమని ఆయన, ఇక్కడే ఉండిపొమ్మని ఆమె. చివరికి ఆమెను తోసేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఆయన ఇల్లు చేరుకుంటాడు. మాకు పాఠం అక్కడికి అయిపోయేది. పరీక్షలో ప్రవరుని గుణగణాలు రాయమని అడిగేవాళ్ళు. వరూధిని గుణగణాలు ఎవరూ అడగలేదు.

అసలు కథ ఆ తర్వాతే ఉందని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. అంతకుముందు వరూధిని వద్దని పంపేసిన గంధర్వుడు ఒకడున్నాడు. వాడు ఇదే అదనని ప్రవరుడి రూపం వేసుకుని వచ్చి, ఆమెను నమ్మించి, కొన్నాళ్ళు కాపురం చేసి, తన దారిన తాను పోయాడు. ఆమెకు స్వరోచి అనే కొడుకు పుట్టాడు. అక్కణ్ణించి కథ కొడుకుది, ఆ తర్వాత మనవడిది. వరూధిని ఏమైందో పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఈ కథలో మాయ చేసింది ఎవరు? మాయలాడి అన్న పేరు పడింది ఎవరికి?

ఇంకొకావిడ కూడా ఉంది ఇందులో. ప్రవరుడి భార్య. ఏ వేళప్పుడు ఎంతమంది అతిథులు వచ్చినా విసుక్కోకుండా వండి వడ్డించే ఇల్లాలని కవి ఆమెను మెచ్చుకుంటాడు. వంటింట్లో నిలబడే మనకు ఆ మెచ్చుకోలు వింటే నడుము నొప్పి వస్తుంది. నేను చదివిన పాఠంలో ఆమెకు పేరు కూడా లేదు. ఒకామె అలసిపోకుండా వండుతూనే ఉండాలి, ఇంకొకామె అలసిపోకుండా అలంకరించుకుని పాడుతూనే ఉండాలి. ఇద్దరికీ మధ్యలో తిరిగేది ఒకే మనిషి.

పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఎండాకాలం కరెంటు పోతే మిద్దె మీద పడుకునేవాళ్ళం. దోమలకు విసనకర్ర ఊపుతూ ఏదో ఒక కథ చెప్పాల్సి వచ్చేది. రాజకుమారి కథలు అయిపోయాక వరూధినిని హిమాలయాల నుంచి దింపి నల్లమలకు తెచ్చాను. మాకు దగ్గరగా ఉన్న అడవి అదే కదా! మహానందికీ అహోబిలానికీ మధ్యలో ఎక్కడో ఒక కోన ఉందనీ, దాని పేరు ఏడుగుండాల కోన అనీ చెప్పాను. అలాంటి పేరుతో నిజంగా ఏమీ లేదు, నేను పెట్టుకున్నదే. రోజుకింత చెబుతూ పోయేసరికి మర్చిపోతానేమోనని పాల లెక్కల పుస్తకం వెనక రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ముందు వైపు పాలు ఎన్ని లీటర్లు, వెనక వైపు అప్సరసలు. ఇప్పుడు అలాంటి పుస్తకాలు నాలుగయ్యాయి.

ఆ కోనకు ఒక నియమం ఉంది. లోపలికి పోయే ఎవరైనా మొదటి గుండంలో కాళ్ళు కడుక్కోవాలి. ఆ నీళ్ళు మహానంది కోనేటి నీళ్ళంత తేటగా ఉంటాయి. మహానందిలో అడుగున పడ్డ రూపాయి బిళ్ళ కూడా పైకి కనిపిస్తుంది, చూసినవాళ్ళకు తెలుసు. నా గుండంలో మనిషి అసలు ముఖం కనిపిస్తుంది. ఎవరి రూపం వేసుకుని వచ్చినా నీళ్ళలో మాత్రం వాడే కనిపిస్తాడు. ఈ ఒక్క గుండం హిమాలయాల్లో ఉండి ఉంటే వరూధిని బతుకు వేరుగా ఉండేది కదా అని మా పాప ఆరో క్లాసులోనే అంది.

ప్రవరుడి భార్యకు సోమక్క అని పేరు పెట్టాను. మొగుడు ఇల్లు చేరి జరిగిందంతా చెప్పాక, సోమక్క అన్నీ విని ఒకే మాట అడుగుతుంది. "ఆ పిల్ల ఏమయిందండీ?" ఆయన దగ్గర జవాబు లేదు. గిన్నె అంచున అంటుకుని మిగిలిన పసరు అరికాళ్ళకు పూసుకుని సోమక్క తనే బయల్దేరింది. కోనకు వచ్చాక మూడు రోజులు నిద్రపోయింది. ఈ ముక్క చెప్పినప్పుడు మా అత్త పక్క మంచం మీద నుంచి "పండుకోనీండ్లే పాపం" అంది. నాలుగో రోజు వరూధిని జీవితంలో మొదటిసారి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తట్టింది. అమృతం తప్ప తినడం ఎరగదు కదా, రొట్టె ఒక వైపు మాడింది, ఒక వైపు పిండి పిండిగా ఉంది. సోమక్క దాన్నే ఊరిబిండితో మొత్తం తినేసింది. వేరే వాళ్ళు చేసిపెట్టిన రొట్టె ఆమె తిని ఎన్నేళ్ళయిందో!

యక్షిణి కూడా ఉంది. సినిమాల్లో యక్షిణి అంటే తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు. కానీ యక్షులు కుబేరుడి మనుషులు, నిధులకు కాపలా కాసేవాళ్ళు. అంటే లెక్కలు బాగా వచ్చి ఉండాలి. అందుకని మా కోనలో ఆడవాళ్ళ చీటీ ఆమే నడుపుతుంది. ఎగ్గొట్టిన వాళ్ళు ఇంతవరకూ లేరు. ఎందుకు లేరో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మగవాళ్ళు లేరా అంటే ఒకడున్నాడు, గొరిజయ్య. నడుము పైన మనిషి, కింద మేక. మన దగ్గర కిన్నరులకు గుర్రం ముఖం ఉంటుందంటారు గానీ, మేక కాళ్ళ మనుషులు గ్రీకుల కథల్లోవాళ్ళు. అక్కడ అడవుల్లో వనకన్యలు ఉంటారు, వాళ్ళ వెంటపడి తరిమే మేకకాళ్ళ వాళ్ళూ ఉంటారు. మా పాప ఇంగ్లీషు పుస్తకంలో ఒక కథ చదివి చెప్పింది. పాన్ అనే మేకకాళ్ళ దేవుడు సిరింక్స్ అనే వనకన్యను తరుముతాడు. పరిగెత్తి పరిగెత్తి ఏటి ఒడ్డుకు వచ్చాక దారి లేక, ఆమె తనను మార్చేయమని వేడుకుని రెల్లుగడ్డి అయిపోతుంది. వాడు ఆ రెల్లును కోసి పిల్లనగ్రోవి చేసుకుని ఊదుకుంటాడు. అందరూ ఎంత మంచి పాట అంటారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పించుకోవడానికి గడ్డిపోచ అయినా వదల్లేదు చూడండి.

మా కోనలో గొరిజయ్యకు కూడా పిల్లనగ్రోవి ఉంది. అయితే రెల్లు కోసేముందు ఏటి ఒడ్డున నిలబడి అడగాలి. గాలి లేకుండా రెల్లు తల ఊపితేనే కోయాలి. చాలా రోజులు ఊపలేదు. వాడు అన్ని రోజులూ నీళ్ళు మోశాడు, మేకల పాలు పితికాడు, సోమక్క చేత చీవాట్లు తిన్నాడు. కంచె బయట నిలబడి "అక్కా, రావచ్చునా?" అని అడగడం నేర్చుకున్నాక ఒక రోజు రెల్లు ఊగింది. మా వాడికి అందరికంటే గొరిజయ్య అంటేనే ఇష్టం.

గ్రీకుల కథల్లో సర్సీ అనే మంత్రగత్తె కూడా నాకు తెలుసు. పుట్టింట్లో బైండు చేయించిన పాత చందమామల్లో రూపధరుడి యాత్రలు చదివాను. అది గ్రీకుల ఒడిస్సీ కథే. సర్సీ తన దీవికి వచ్చిన నావికులను పందులుగా మార్చేస్తుంది. అందరికీ అదే గుర్తుంటుంది. కానీ తర్వాత వాళ్ళను మళ్ళీ మనుషుల్ని చేసి, ఏడాది పాటు అన్నం పెట్టి, ఇంటికి పోవడానికి దారీ, దారిలో ప్రమాదాలూ చెప్పి పంపింది కూడా ఆమే. దారి చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు.

మా అత్తకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. "దేవుళ్ళ కతలు మార్చేదానికి నువ్వెవురు? పాపం తగల్దా?" అనేది. నేను ఎదురు చెప్పలేదు, అహోబిలం సంగతి అడిగాను. ఆళ్ళగడ్డకు దగ్గరే కాబట్టి చిన్నప్పటి నుంచి నాకూ తెలుసు గానీ, మా అత్త చెబితే బాగుంటుంది. నరసింహస్వామి నల్లమలలో చెంచు పిల్లను చూసి మనసుపడి పెళ్ళాడాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. కనుమ నాడు బయల్దేరి పారువేటకని నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని తనే పిలుస్తాడు. పల్లకి వచ్చిన రోజు ఊళ్ళో పండగే. చెప్పడం అయిపోయాక అడిగాను. "అత్తా, ప్రహ్లాదుడి పురాణంలో చెంచులక్ష్మి ఉందా?" మా అత్త కాసేపు ఆలోచించింది. "ఈడోళ్ళు చెప్పుకున్న కత ఇది" అంది. మరి అడవిలో ఉన్నవాళ్ళు తమ పిల్లను కథలోకి తెచ్చుకున్నారు, దేవుడు కాదనలేదు, మఠం వాళ్ళు కాదనలేదు.

ఆ మాటకొస్తే పెద్ద పెద్ద కవులు మార్చలేదా? భారతంలో శకుంతల నిండు సభలో రాజును నిలదీస్తుంది. కాళిదాసు దూర్వాసుడి శాపమూ, ఉంగరమూ తెచ్చిపెట్టి రాజు తప్పు లేకుండా చేశాడు. పెద్దన గారు కూడా మార్కండేయ పురాణంలోని కథను తీసుకుని పెంచి రాసినవారే. వాళ్ళకు కొలువులు, కనకాభిషేకాలు. మనకు పాల పుస్తకం.

మా పుట్టింటి ఊరు శిల్పులకు పేరు. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిన్నప్పుడు బడికి పోతుంటే రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉండేది. దేవుడి విగ్రహానికి కొలతలు ఉంటాయి. ముఖం పొడవును ఒక తాళం అని, మిగతా ఒళ్ళంతా ఆ లెక్కనే చెక్కుతారు. పోయినేడు పండక్కి వెళ్ళినప్పుడు ఒక షెడ్డు ముందు చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డ రాతి పిల్ల కనిపించింది. ఎవరన్నా ఈమె అని అడిగితే "పేరు లేదమ్మా, స్తంభం మీదికి" అన్నాడాయన. అప్పుడు తట్టింది నాకు. ఏ గుడికి పోయినా ఈ పిల్లలు బయటి గోడల మీద, స్తంభాల మీద ఉంటారు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ. అందం కావాలి, లోపలికి మాత్రం రాకూడదు.

ఇవన్నీ ఊసుపోక చెప్పుకునే మాటలనుకోకండి. రెండేళ్ళ కిందట మా వీధిలోకి ఒకామె అద్దెకు వచ్చింది. ఒంటరి మనిషి. భర్త వదిలేసి పోయాడని కొందరు, ఈమే వచ్చేసిందని కొందరు. మిషను కుట్టుకుని బతుకుతుంది. పూలు పెట్టుకుంటుంది, గట్టిగా నవ్వుతుంది. అంతకుమించి ఆమె చేసిన నేరం నాకు కనిపించలేదు. ఒక రోజు మా వాడు అన్నం తింటూ "ఆ మాయలాడి ఇంటి ముందు బండి ఆగిందంట" అన్నాడు. అప్పటికి పన్నెండేళ్ళు వాడికి. ఆ మాట వాడిది కాదు, వీధి చివర అరుగు మీద కూర్చునే పెద్దమనుషులది. పిల్లవాడి నోట్లోకి అంత సులువుగా ఎక్కింది.

నేను కసురుకోలేదు. కసిరితే నా ముందు అనడు, అరుగు మీద అంటాడు. ఆ రాత్రి కథలో కోన బయట నలుగురు మగవాళ్ళు వచ్చి నిలబడ్డారు. లోపల మాయలాడి ఉంది, బయటికి పంపమన్నారు. సోమక్క వాళ్ళను గుండంలో కాళ్ళు కడుక్కోమంది. కడుక్కున్నవాడు ఒక్కడు లేడు. "ఎందుకు కడుక్కోలేదు?" అన్నాడు మా వాడు. నేను జవాబు చెప్పలేదు. లైటు ఆర్పేశాను. చాలాసేపటి దాకా వాడు అటూ ఇటూ దొర్లడం వినిపించింది.

వారం తర్వాత నా జాకెట్టు గుడ్డ ఇచ్చిరమ్మంటే వాడే తీసుకుపోయాడు. గేటు బయట నిలబడి "పిన్నీ, రావచ్చునా?" అని అడిగాడంట. ఆమే నాకు చెప్పింది నవ్వుతూ, ఇంత మర్యాద ఎక్కడ నేర్పినావక్కా అని. గొరిజయ్య దగ్గర అని చెబితే ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను. మా ఆయనకు మాత్రం నేను ఆమెతో మాట్లాడడం ఇంకా ఇష్టం లేదు. విత్తనాల దుకాణంలో నలుగురూ నాలుగు అంటారని ఆయన భయం. ఆయనకు కోన సంగతి తెలుసు గానీ ఇంతవరకూ కాళ్ళు కడుక్కోలేదు.

ప్రస్తుతం కోనలో పెద్ద చిక్కు వచ్చిపడింది. పాత గంధర్వుడు ముసలివాడై వచ్చి మొదటి గుండం దగ్గర కూర్చున్నాడు. కొడుకును చూడాలంటాడు. ఇంటర్ చదివే మా పాప లోపలికి రానిచ్చేదే లేదంటోంది. మా వాడు, వాడు నీళ్ళలో తన ముఖం తను చూసుకుంటే రానివ్వాలంటాడు. వరూధిని ఏమంటుందో నేనింకా రాయలేదు. మా అత్తను అడిగితే, ముందు వాణ్ణి నెల రోజులు మేకల దొడ్డి ఊడ్వమని చెప్పు, తర్వాత చూద్దాం అంది.