పాత హార్మోనియం కొనబోతే

పాత వస్తువు కొనేటప్పుడు మనవాళ్ళకు తెలిసిన సూత్రం ఒక్కటే: పైన నిగనిగలాడితే మంచిది, గీతలు పడితే చెడ్డది. కుర్చీకి ఇది చెల్లుతుందేమో గాని హార్మోనియం పెట్టెకు చెల్లదు. వార్నీషు రెండు రోజుల పని.

మా సీమలో తక్కిన వాటికి కరువున్నా పాత హార్మోనియాలకు లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో సురభి నాటకాలు పుట్టిన నేల కదా! పారిస్‌లో దెబేన్ అనే ఆయన 1842లో పేటెంటు పొందిన వాద్యం మన పద్యనాటకానికి ప్రాణమైంది. గమకం పలకదని 1940లో రేడియోవారు దాన్ని వెలివేశారు. 1963లో కడపకు రేడియో కేంద్రం వచ్చినా ఆ వెలి తీరలేదు. 1971 దాకా ఆగవలసి వచ్చింది. అభ్యంతరం న్యాయమైనదే. అయినా తెల్లవార్లూ రాగం తీసే నటుడికి శ్రుతి ఎవరివ్వాలి?

మొన్న వేసవిలో ఒక మిత్రుడు, కూతురికి పాత పెట్టె కొనాలని నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. అమ్మేవారు నాటకాల్లో వాయించిన వృద్ధుడు. కంటి ఆపరేషనుకు డబ్బు కావాలట. 9,000 రూపాయలు చెప్పాడు. మావాడు అంచున పగులు చూపించి, 5,000 అన్నాడు.

"పగులు ఎండకు వచ్చింది నాయనా! వాయించి చూడండి" అన్నాడు పెద్దాయన.

ముందు మీటలన్నీ మూసి తిత్తి నింపాను. గాలి నిలవలేదు; ఉస్సురంటూ దిగిపోయింది. మడతల దగ్గర తోలు విచ్చింది. మా ఎండలకు జిగురు ఆగదు మరి. మీటలు తెరిస్తే, ఎవరూ నొక్కకుండానే ఒక మెట్టు సన్నగా మూలిగింది. మావాడి ముఖం వెలిగింది, బేరానికి మరో ఆయుధం దొరికిందని! కాని మెట్టు కింద దుమ్ము చేరినా, స్ప్రింగు సడలినా అలాగే మూలుగుతుంది. అది గంట పని.

అసలు పరీక్ష రీడ్లది. ఈ ఇత్తడి నాలుకల కొస గీకితే స్వరం హెచ్చుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. ప్రతి శ్రుతి సవరణకూ కొంత ఇత్తడి పోతుంది. పోయింది తిరిగి రాదు. అందుకే మూత తీయించి చూశాను. గీతలు చాలా తక్కువ. రెండు వరుసల రీడ్లూ కలిపి ఒక్కొక్క మెట్టే మెల్లగా నొక్కాను. తేడా ఉంటే 'వావావా' అని అల లేస్తుంది. నడిమి స్థాయిలో, నాటకాల్లో ఎక్కువ అరిగే చోట, ఒక్క మెట్టు మాత్రం కొద్దిగా ఊగింది. తక్కినవి గాలి తగలగానే పలికాయి.

మావాణ్ణి పక్కకు పిలిచాను. "తిత్తికి 1,500 అవుతుందనుకో. రీడ్లు బాగున్నాయి. నీ బిడ్డ చెవి ఈ శ్రుతి మీదే కుదురుకుంటుంది. 7,500 కంటే తగ్గించి అడగటం న్యాయం కాదురా."

"నువ్వు ఎవరి తరఫున వచ్చావు?" అన్నాడు వాడు. నిజమే, బేరానికి పనికిరాని మనిషిని. గొణుగుతూనే డబ్బు లెక్కపెట్టాడు.

పెద్దాయన నోట్లు చూసుకోకుండానే పిల్ల వైపు తిరిగాడు.

"కిటికీ పక్కన పెట్టొద్దమ్మా. వాన పడినప్పుడు మెట్లు ఉబ్బి పట్టేస్తే, బలంగా వత్తొద్దు. రెండు రోజులు ఓపిక పట్టు, అవే సర్దుకుంటాయి."