చరియ కింద ఒకటి... తొర్రలో ఒకటి!

శ్రీశైలం బస్సు నల్లమల ఘాట్ ఎక్కుతుంటే అందరి చూపూ లోయ వైపే. కానీ ఈ అడవిలో తలెత్తి చూడాల్సినవీ ఉన్నాయి. నిట్టనిలువు రాతిచరియల కింద నల్లటి చాటలు వేలాడదీసినట్టు ఉంటాయి. కాస్త పరికించి చూస్తే ఆ చాటలు కదులుతుంటాయి! అవి కొండ తేనెటీగల పట్టులు.

కొండ తేనెటీగలు కట్టేది ఒకే ఒక్క పట్టు. మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. దానికి గోడా లేదు, తలుపూ లేదు. వేలాది ఈగలు తెరలా పరుచుకుని దాన్ని కాపాడతాయి. కందిరీగ దగ్గరికొస్తే వరసగా పొట్టలు పైకెత్తుతాయి. ఆ కదలిక పట్టు మీద అలలా పారుతుంది. శత్రువు బెదిరిపోతుంది. పూత అయిపోగానే ఇవి మూకుమ్మడిగా వలసపోతాయి. అందుకే వీటిని పెట్టెల్లో పెంచడం కుదరదు.

పుట్ట తేనెటీగ తీరు వేరు. ఒళ్లు చిన్నది, జాగ్రత్త ఎక్కువ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, చీకట్లో పక్కపక్కనే కొన్ని పట్టులు పెడుతుంది. కందిరీగ లోపలికి చొరబడితే ఈగలన్నీ దాన్ని బంతిలా చుట్టేసి ఒళ్లు వేడెక్కిస్తాయి. 45 డిగ్రీలు దాటే ఆ వేడికి కందిరీగ చచ్చిపోతుంది! చీకటి గూడు అలవాటే కాబట్టి రైతుల పెట్టెల్లోనూ ఇమిడిపోతుంది. 1990 దశకం మొదట్లో ఒక వైరస్ దక్షిణాదిన వీటిని దారుణంగా దెబ్బతీసింది.

తొర్ర తేనెకు ఓపిక చాలు. చరియ తేనెకు ప్రాణం పణంగా పెట్టాలి. చెంచులు తాడు పట్టుకుని లోయ అంచు నుంచి దిగుతారు. పైన ఆ తాడుకు కాపలా ఉండేది బావమరిదే అంటారు. చెల్లెలి పసుపు కుంకుమలు నిలవాలని కోరుకునేవాడు కదా! ‘దాయాది చావు కోరు, బావమరిది బతుకు కోరు’ అన్న సామెతకు ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

తెచ్చిన తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. అయితే కోసే తీరులోనే ఉంది అసలు సంగతి. కొండ ఈగల పట్టులో తేనె పైభాగాన, రాతికి అంటుకుని ఉంటుంది. పిల్లలు కింద ఉంటాయి. తేనె భాగమే కోస్తే ఈగలు మళ్లీ నింపుకుంటాయి. మంటపెట్టి మొత్తం కోసేస్తే వేల ఈగలు మాడిపోతాయి. అప్పుడు మరుసటేడు అడవిలో పూత ఉంటుంది. దాన్ని కాయగా మార్చే ఈగ మాత్రం కరవవుతుంది.