మా ఇంటి బీ-ఫారం

2024 మే నెల, ఒక శనివారం పొద్దున. ఫోను నీళ్ళ జగ్గుకి ఆనించి పెట్టుకుని, అత్తయ్యగారితో వీడియో కాల్ మాట్లాడుతూ గోంగూర వలుస్తున్నాను. ఆవిడ చూపు నా వెనకాల బల్ల మీదున్న కాగితాల గుట్ట మీద పడింది.

“ఏంటమ్మాయ్, అన్ని శుభలేఖలొచ్చాయి? ఎవరి పెళ్ళి?”

నాకు నవ్వాగలేదు. చూడ్డానికి అచ్చం శుభలేఖల్లాగే ఉన్నాయి మరి. దళసరి అట్టలు, నిగనిగలాడే రంగులు, సకుటుంబ సపరివార ఫోటోలు. “పెళ్ళి కాదత్తయ్యా, ఎలక్షన్లు. ఒక్క సీటుకి పన్నెండు మంది నిలబడ్డారు, అదీ ఒకే పార్టీలో” అన్నాను.

“ఒకే పార్టీలో పన్నెండు మందా? మరి బీ-ఫారం ఎవరికిచ్చారు?”

మా అత్తయ్యగారు ఒకప్పుడు సర్పంచ్ లెండి, ఆ ప్రశ్న ఆవిడకే తట్టాలి. నేను వర్జీనియాలో లౌడన్ కౌంటీలో ఉంటాను. ఇక్కడి ప్రైమరీ ఎన్నికల గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆవిడ మాటతోనే చెప్తాను. మన దగ్గర పార్టీ పెద్దలు బీ-ఫారం ఎవరి చేతిలో పెడితే వాళ్ళే అభ్యర్థి. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది మామూలు ఓటర్లు. నవంబరులో రెండు పార్టీలూ ఒకదానితో ఒకటి తలపడక ముందే, ఎవరి పార్టీలో వాళ్ళు పోటీ పడి, మన దగ్గర మార్కులు తెచ్చుకోవాలి. మా రాష్ట్రంలో ఓటరు ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. రెండు పార్టీలకీ ఒకే రోజు ప్రైమరీ ఉంటే, ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకుని ఓటెయ్యొచ్చు. అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, సగం దాటాలన్న నియమం లేదు.

ఆ ఏడు అంతమంది నిలబడ్డానికి కారణం మాత్రం బాధాకరమైనది. మా 10వ నియోజకవర్గానికి 2019 నుంచీ జెనిఫర్ వెక్స్‌టన్ ప్రతినిధి. తనకు ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే మెదడు జబ్బు ఉందనీ, ఇక పోటీ చెయ్యననీ 2023 సెప్టెంబరులో ఆవిడ ప్రకటించారు. నడక, మాట మెల్లమెల్లగా పోయే జబ్బది. 2024 జులైలో ఆవిడ సభలో మాట్లాడింది కంప్యూటరు తయారుచేసిన తన పాత గొంతుతోనే. ఆ వీడియో చూసినప్పుడు స్టవ్ ఆపేసి కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా సంగతి. నేను 2006లో హెచ్-4 వీసా మీద వచ్చాను. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళూ పూళ్ళూ క్యూలో ఉండి, చివరికి 2023లో పౌరసత్వం తీసుకున్నాం. ఆ నవంబరులోనే నా మొదటి ఓటు. మా కౌంటీ స్కూల్ బోర్డులో 9 సీట్లకీ, కౌంటీ బోర్డుకీ, రాష్ట్ర శాసనసభకీ ఎన్నికలు. పట్టుచీర కట్టుకు వెళ్ళానంటే మీరు నవ్వుతారు, కానీ కట్టుకునే వెళ్ళాను.

చీరైతే కట్టాను గానీ, ఎవరికి వెయ్యాలో తెలీదు. మావారు ఒక జాబితా రాసి నా ఫోనుకి పంపారు. అది చూసుకుంటూ నల్ల పెన్నుతో సున్నాలు నింపేసి, కాగితం మెషిన్లో పెట్టి, స్టిక్కర్ అంటించుకుని ఫోటో దిగాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, “అమ్మా, స్కూల్ బోర్డుకి ఎవరికేశావ్?” అని. ఒక్క పేరూ గుర్తు రాలేదు. ఏ వీధి పిల్లలు ఏ బడికెళ్ళాలో తేల్చేది వాళ్ళే. దీపావళికి బడికి సెలవుంటుందా లేదా అని నిర్ణయించేదీ వాళ్ళే. పదిహేడేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న ఓటు, కిరాణా సరుకుల చీటీ చూసి వేసినట్టు వేసొచ్చానే అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆ మాట అత్తయ్యతో చెప్పుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. తన కథ చెప్పారు. పెళ్ళై ఇన్నేళ్ళయినా నేనెప్పుడూ వినని కథ.

1995 పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు కేటాయించారు కదా. గుంటూరు జిల్లాలో మా అత్తగారి ఊరు ఆ లెక్కలోకి వచ్చింది. మావయ్యగారు నిలబడదామనుకున్న సీటు ఆడవాళ్ళదయింది. అంతే, ఓ పొద్దున నామినేషన్ కాగితం అత్తయ్య ముందుకొచ్చింది. పేరు ఆవిడది, పెత్తనం మావయ్యది. ఊళ్ళో అందరూ మావయ్యనే ‘సర్పంచ్ గారూ’ అని పిలిచేవారట. అత్తయ్యకి మిగిలింది సంతకాలు. అదీ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని.

“ఐదేళ్ళూ చెప్పిన చోటల్లా పెట్టానమ్మాయ్. ఒక్కటి మాత్రం పెట్టలా.”

అది బోరు కాగితం. మావయ్య రామాలయం పక్కన వేయిద్దామన్నారు. అంటే మా ఇంటికి నాలుగడుగుల దూరం. అత్తయ్య మాత్రం చెరువు కట్ట అవతల కాలనీలో వెయ్యాలన్నారు. అక్కడి ఆడవాళ్ళు బిందెలెత్తుకుని మన ఊరి బావిదాకా నడిచి రావడం ఆవిడ రోజూ చూసేవారు. మనకి బావి ఉంది, వాళ్ళకి లేదు. అంతే ఆవిడ వాదన. సంతకం పెట్టనన్నారు. మావయ్య పది రోజులు మాట్లాడలేదట. పదకొండో రోజు కాగితం మారింది. ఇప్పుడు ఆ కాలనీలో ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. అయినా దాన్ని ‘సర్పంచమ్మ బోరు’ అనే అంటారట. ఆ ఊళ్ళో ఆవిడ పేరు మీద ఉన్నది అదొక్కటే.

అందుకే, 2024లో ఆ శుభలేఖలన్నీ వచ్చినప్పుడు చెత్తబుట్టలో వెయ్యలేదు. పాలవాడి లెక్కలు రాసుకున్నట్టు ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పేజీ. ఇప్పటిదాకా ఏం చేశారు, విరాళాలు ఎక్కడి నుంచి వచ్చాయి, మా ఊరి సంగతులు ఏమైనా తెలుసా. అభ్యర్థులకొచ్చిన విరాళాల వివరాలు ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చని అప్పటిదాకా నాకు తెలీదు. అంట్లు తోముతూ వాళ్ళ చర్చలు వినేదాన్ని. మా చుట్టూ డేటా సెంటర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. వాటి వల్ల కౌంటీకి పన్నులొస్తాయి, మరోపక్క కరెంటు లైన్ల గొడవలూ వస్తాయి. వీటి అనుమతులు చూసేది కాంగ్రెస్ కాదు, కౌంటీ బోర్డు. ఏ పనికి ఎవర్ని అడగాలో తెలియడమే సగం చదువని ఆ నోటుబుక్కు నేర్పింది.

మావారికి ఈ నోటుబుక్కు గోలేమీ లేదు. ఆయన అప్పటికే సుహాస్ సుబ్రమణ్యం అని నిర్ణయించేసుకున్నారు. “మన దేశం నుంచి వచ్చినవాళ్ళ పిల్లాడు. రాష్ట్ర సెనేటర్‌గా పని చేస్తున్నాడు. వెక్స్‌టన్ కూడా ఆయన్నే బలపరిచారు. మనవాళ్ళు ఒక్కరైనా వాషింగ్టన్‌లో ఉండాలా వద్దా?” అన్నారు. అది తీసెయ్యాల్సిన మాటేం కాదు. అన్నేళ్ళు క్యూలో నిలబడ్డవాళ్ళకి ఆ ఆశ ఉంటుంది. కానీ ఆయన చివర్లో ఇంకో మాట అన్నారు: “నువ్వూ అదే వేసెయ్, బుర్ర పాడుచేసుకోకు.”

ఇరవై ఏళ్ళ కాపురంలో అలాంటి మాటలు ఎన్ని వినలేదు! ఇల్లు కొన్నప్పుడు, కారు కొన్నప్పుడు, సరే అనేశాను. ఆ రోజు మాత్రం “చూస్తాను” అన్నాను. ఆయన తలెత్తి చూశారు. అంతే.

నేను చూస్తానన్నది ఊరికే కాదు. పక్క వీధిలో నా స్నేహితురాలు ఉంది. మా తర్వాత ఏడేళ్ళకి వచ్చారు, వాళ్ళింకా గ్రీన్ కార్డు క్యూలోనే. కొడుకు హైదరాబాదులో పుట్టాడు, ఇక్కడే మూడో తరగతి నుంచి చదువుకున్నాడు. అప్పటికి వాడికి పంతొమ్మిది. ఇరవై ఒకటి నిండిన రోజున తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోతుంది. స్టూడెంట్ వీసాకైనా మారాలి, లేదా వెళ్ళిపోవాలి. ఒకరోజు మా ఇంటికి కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “నీకు ఓటుంది కదే. వాళ్ళు ఎక్కడైనా కనిపిస్తే మావాడి గురించి ఒక్క మాట అడుగుతావా?” అంది.

ఆ క్షణంలో నాకు చెరువు కట్ట అవతలి కాలనీ గుర్తొచ్చింది.

అడిగాను. ఒక సాయంత్రం లైబ్రరీలో అభ్యర్థులతో ముఖాముఖి ఉంటే వెళ్ళాను. అందరూ రాలేదు, కొందరే వచ్చారు. మైకు నా చేతికొచ్చేసరికి కాళ్ళు వణికాయి. నా ఇంగ్లిషు తడబడింది. అయినా “నా స్నేహితురాలి కొడుకు” అని మొదలుపెట్టి పూర్తిచేశాను. ఎవరేం చెప్పారో పేర్లతో ఇక్కడ రాయను, ఇది ప్రచారం కాదు కదా. ఒకరు మాత్రం ముందు ఆ అబ్బాయి ఏం చదువుతున్నాడని అడిగి, ముందున్న కాగితం మీద రాసుకుని, తర్వాత జవాబు చెప్పారు. ఆ రాత్రి నోటుబుక్కులో ఆ పేజీ మూల మడిచాను.

జూన్ 18, మంగళవారం. పిల్లల బడి జిమ్ములో పోలింగ్. ఈసారి చీర కట్టలేదు, జాబితా చూడలేదు. లోపల ఓటేసేవాళ్ళకన్నా పనిచేసేవాళ్ళే ఎక్కువున్నారు. బ్యాలెట్ అడిగి తీసుకుని, ఒక్క సున్నా నింపి వచ్చేశాను.

కారెక్కగానే మావారు, “మనవాడికేగా?” అన్నారు.

“రహస్య బ్యాలెట్ అండీ” అన్నాను.

ముందు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. ఇంటిదాకా రేడియో తప్ప ఇంకో మాట లేదు. రాత్రి ఫలితాలు కూడా పక్కపక్కనే కూర్చుని చూశాం, మాట్లాడుకోకుండా. సుబ్రమణ్యం సుమారు 30 శాతం ఓట్లతో గెలిచారు. రెండో స్థానంలో ఉన్న డాన్ హెల్మర్‌కీ ఆయనకీ తేడా నాలుగు శాతం లోపే. ఏడు లక్షలకు పైగా జనం ఉన్న నియోజకవర్గంలో ఆ ప్రైమరీకి 50 వేల మంది కూడా రాలేదు. ఆ కొద్దిమందే బీ-ఫారం ఇచ్చేశారు. నవంబరులో ఆయనే గెలిచి, వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కి వెళ్ళిన మొదటి భారత సంతతి సభ్యుడయ్యారు.

మా ఇంట్లో మౌనం పది రోజులు సాగలేదు లెండి, మూడు రోజులే. నాలుగో రోజు పొద్దున కాఫీ ఇస్తుంటే ఆయనే అన్నారు. “నాకు కోపం నువ్వు ఎవరికేశావో తెలీక కాదు. నాకు చెప్పాలనిపించలేదే అని.” ఏం చెప్పాలో తెలియక, “అడగాలని మీకెప్పుడూ అనిపించలేదు కదా” అన్నాను. అది ఆయనకి గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంది. కానీ అబద్ధం కాదు.

ఆ తర్వాత ఏదీ వదల్లేదు. సుబ్రమణ్యం ఖాళీ చేసిన రాష్ట్ర సెనేట్ సీటుకి 2025 జనవరి 7న ఉప ఎన్నిక పెట్టారు. ముందు రోజంతా మంచు. వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసి మరీ వెళ్ళాం. ఆ జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడితే, హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ ఒక శాతం కూడా లేని తేడాతో గెలిచారు. దానికి వారం ముందు మావారు సోఫాలో కూర్చుని, ఏదో పేపరు అడిగినట్టు, “నీ నోటుబుక్కు ఒకసారి ఇస్తావా?” అన్నారు. ఇచ్చాను. మూల మడిచిన పేజీలు మాత్రం ముందే సరిచేసి ఇచ్చాను.

నా స్నేహితురాలి కథ ఇంకా తేలలేదు. వాడిప్పుడు స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. చట్టం మారలేదు. నా ఒక్క ప్రశ్నతో మారుతుందని నేనూ అనుకోలేదు. కానీ ఆ లైబ్రరీ నుంచి వచ్చి “అడిగానే” అని చెప్పినప్పుడు, గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఈ 2026లో మళ్ళీ ప్రతినిధుల సభ మొత్తానికీ ఎన్నికలు. ప్రైమరీలకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీ. ఓటున్న అమెరికా అక్కచెల్లెళ్ళు మీ తేదీ ఒకసారి చూసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్ళకి పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఎలాగూ ఉన్నాయి. వేసేది ఎవరికైనా, చీటీ మాత్రం మీరే రాసుకోండి.

అన్నట్టు, ఆ రోజు నేను ఎవరికేశానో మావారికి ఇప్పటికీ చెప్పలేదు. అత్తయ్యకి మాత్రం ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పబోయాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు.

“పేరెందుకమ్మాయ్ నాకు? ఎందుకేశావో చెప్పు.”

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “సరే, అన్నం తిన్నావా?” అన్నారు.